మఱపు వేఱు, మతి తప్పుట వేఱు



సాయంకాలము అరుగుపై కూర్చుండి తాంబూలము వేసికొనుచు, "ఈ నడుమ నాకు మఱపు హెచ్చినదయ్యా" అని చెప్పుకొననివారు మనలో అరుదు. నేనును చెప్పుకొందును. తన మఱపును తానే కనిపెట్టి నొచ్చుకొనువానిని గూర్చి తఱచుగా అంత దిగులు పడనక్కఱలేదు. "మా నాయనగారి జ్ఞాపకశక్తి చెప్పతరము కాదు, ఏబది యేండ్ల క్రిందటి సంగతులు నిన్న జరిగినట్లు చెప్పుదురు" అని మురిసిపోవు ఇంటనే ఒక్కొక్కప్పుడు జాగ్రత్తపడవలసి యుండును.

మా మేనమామగారి సంగతి అట్టిదే. అమలాపురమునకు కొలదిదూరమున కాలువగట్టు ప్రక్కను ఆయన కొబ్బరితోట కలదు. 1996 నవంబరు 6వ తేదీ నాటి తుపానులో ఏ వరుసను ఏ చెట్టు కూలెనో వ్రేళ్లమీద లెక్కించి చెప్పెడివారు. అట్టివారు ఒకమాఱు దింపు కూలిని ఒక్కనాడే రెండు పర్యాయములు చెల్లించిరి. మఱియొకమాఱు చెల్లింపకయే చెల్లించితినని వాదించిరి. పిమ్మట సొమ్మును తామే గాదె వెనుక దాచి, ముప్పది యేండ్లుగా ఇంట పనిచేయుచున్న ఆమెపై దొంగతనము మోపిరి. ఆమె కన్నీరు పెట్టుకొని మానివేసినది. మేమందఱమును "వయసు మీఱినది, చాదస్తము" అని రెండేండ్లు గడపితిమి. గాదె వెనుక సొమ్ము దొరకిన దినమున నేనే పోయి ఆమెను క్షమింపుమని వేడితిని. ఆమె తిరిగి రాలేదు.

ఈ చాదస్తమను మాట మనకు చాల అపకారము చేసినది. చెప్పినదే చెప్పుట, మొండిపట్టు, అనుమానము, మఱపు, అన్నిటికిని ఆ యొక్క మాటయే. మాట దొరకగానే మనము విచారణ మానుదుము.

పాతవి నిలిచి క్రొత్తవి పోవుటకు కారణము లేకపోలేదు. క్రొత్త సంగతులను పదిలపఱచుటకు మెదడులో ఒక భాగము కలదు. ఆల్జీమర్ వ్యాధి సాధారణముగా మొదట దానినే దెబ్బతీయును. పూర్వపు జ్ఞాపకములు అదివఱకే మెదడున పలుతావుల వేరూనినవి గనుక చాలకాలము నిలుచును. ఇది కేవలము ముసలితనము కాదు. 1906లో జర్మను వైద్యుడు ఆలోయిస్ ఆల్జీమర్ ఏ స్త్రీ మెదడును పరీక్షించి ఈ వ్యాధిని వివరించెనో, ఆమె 1901లో ఆసుపత్రిలో చేరునాటికి 51 ఏండ్లది. మన దేశమున 60 ఏండ్లు దాటినవారిలో నూటికి 7.4 మందికి డిమెన్షియా, అనగా మతి క్రమముగా క్షీణించు స్థితి, కలదని 2023లో ప్రకటితమైన అంచనా. తక్కినవారు మఱచునది మామూలు మఱపే, లేదా మఱియొక కారణము వలన.

ఎట్లు గుర్తింపవలెను? భీష్మైకాదశికి అంతర్వేది తీర్థమునకు పోయివచ్చినవాడు అచ్చట కలిసిన బంధువు పేరు మఱచి, ప్రొద్దుగ్రుంకిన తరువాత తానే జ్ఞప్తికి తెచ్చుకొనుట మామూలు మఱపు. పోయివచ్చిన సంగతియే మఱచి, ప్రసాదము చేతికిచ్చి గుర్తుచేసినను "నేనెప్పుడు పోతిని?" అనుట వేఱు. ఆత్రేయపురమున నలువదియేండ్లు పూతరేకులు చేసిన ఇల్లాలు ఒకనాడు నెయ్యి రాయుట మఱచిన మఱచుగాక; రేకు తీసిన పిదప ఏమి చేయవలెనో తోచక కుండ యెదుట కూర్చుండినచో విచారింపవలెను. రాజోలులో తెలియని సందున దారి తప్పుట తప్పు కాదు. తన చేనినుండి తన యింటికి దారి తోచకుండుట మాత్రము ఉపేక్షింపరానిది. ఎవనికైనను కొలత వాని పూర్వస్థితియే. ఎన్నడును పద్దు వ్రాయనివాడు ఇప్పుడు వ్రాయలేకుండుట గుర్తు కాదు.

ఇంకొక ముఖ్యవిషయము. ఈ వ్యాధి నెలలు, సంవత్సరములు పట్టి మెల్లగా వచ్చును. నిన్నటివఱకు బాగుగా నున్న మనిషి ఒకటి రెండు దినములలో మనుష్యులను గుర్తింపక కలవరించినచో, అది మూత్రమున చీము పట్టుటయో, రక్తమున ఉప్పు తగ్గుటయో, తలకు దెబ్బ తగులుటయో కావచ్చును. అప్పుడు తెల్లవారువఱకు ఆగరాదు, ఆసుపత్రికి చేర్పవలెను.

మెల్లగా వచ్చిన మఱపంతయు నయముకానిదే యనుకొనుటయు పొరపాటు. మా వీధిలో ఒకామెకు థైరాయిడు లోపమని రక్తపరీక్షలో తేలి, మాత్రలతో కొన్ని నెలలకు తేఱుకొన్నది. బి12 విటమిను కొఱత, మనోవ్యాకులత, కొన్ని నిద్రమాత్రలు కూడ మతిని మందగింపజేయును. వినికిడి తగ్గినవాడు సరిగా వినకపోవుటను మఱపని భ్రమపడుటయు కలదు.

మా మేనమామగారికి అట్టి కారణమేదియు కానరాలేదు. ఆల్జీమరేయని వైద్యుడు తేల్చెను. పూర్తిగా కుదుర్చు మందు లేదు. ఇచ్చిన మాత్ర కొంతవఱకు ఆసరా మాత్రమే. అయినను తెలియుట వలన లాభము లేకపోలేదు. పద్దు కుమారుడు తీసికొనెను. ఆయనతో వాదించుట మానితిమి. వీలునామా మాత్రము ఆలస్యమైనది. 1925 నాటి వారసత్వ చట్టము ప్రకారము వీలునామా వ్రాయువాడు స్వస్థచిత్తుడై యుండవలెను గదా! రెండేండ్లు ముందు పోయినచో ఆయన తన యిష్టము తానే వ్రాసియుండెడివారు.

వైద్యుని యొద్దకు పోవునప్పుడు మింగుచున్న మాత్రలన్నిటిని మూటగట్టి కొనిపొండు. ఏ మార్పు ఏ నెలలో కనబడెనో ఒక కాగితముపై వ్రాసికొనుడు. కూడ నుండువారిలో ఒకరు వెంట పోవలెను, ఏలయన రోగి "నాకేమియు లేదు" అనవచ్చును. వృద్ధుల సహాయమునకు 14567 అను ఫోను సంఖ్య కలదు, రుసుము లేదు. నాకిచ్చిన సమయము ముగిసినది. సెలవు.