ఒత్తిడి వలన కలిగే కుంగుబాటు

ఒత్తిడి వలన కలిగే కుంగుబాటు అనగా దీర్ఘకాలం సాగిన ఒత్తిడి చేతగాని, జీవితంలో తగిలిన ఒక పెద్ద దెబ్బ చేతగాని మొదలై, చాలాసార్లు ఆ కారణం తొలగిన తరువాత కూడా విడువక కొనసాగే మానసిక వ్యాధి. ఆంగ్లంలో దీనిని డిప్రెషన్ అంటారు. పరీక్ష తప్పడం, తీరని అప్పు, ఉద్యోగం పోవడం, ఇంటిలో ఎడతెగని కలహాలు, ఆత్మీయుల మరణం, మంచం పట్టినవారికి ఏళ్ళ తరబడి సేవ చేయవలసి రావడం వంటివి దీనికి దారితీయవచ్చును. కారణం కళ్ళకు కనిపిస్తూనే ఉండడం వలన "ఇంత కష్టం వస్తే ఎవరికైనా దిగులు ఉండదా" అని ఇంటివారు దీనిని వ్యాధిగా గుర్తించరు. కారణం తెలిసినంత మాత్రాన వ్యాధి వ్యాధి కాకుండా పోదు. జారిపడి కాలు విరిగినవాడు ఎలా పడ్డాడో అందరికీ తెలిసినా, కట్టు కట్టక తప్పదు.

దిగులు, బెంగ, కుంగుబాటు

మనసు బాధకు తెలుగులో మంచి మాటలు ఉన్నాయి. జరిగినదానిని గురించిన బాధను, జరగబోయేదానిని గురించిన చింతను కూడా దిగులు అంటారు. బెంగ ముఖ్యంగా దూరమైనవారి కొరకు కలిగేది. తల్లి ఊరికి వెళితే పిల్లలు బెంగ పెట్టుకుంటారు, జ్వరం కూడా తెచ్చుకుంటారు. మనసు బాధ శరీరాన్ని తాకుతుందని ఈ మాట వాడినవారికి బాగా తెలుసు. అయితే "మనోవ్యాధికి మందు లేదు" అనే సామెత మాత్రం నేటి వైద్యం దృష్ట్యా చెల్లదు. స్విట్జర్లాండు వైద్యుడు రోలాండ్ కూన్ ఇమిప్రమిన్ అనే మందు కుంగుబాటును తగ్గిస్తుందని 1957లోనే ప్రకటించాడు.

దిగులు వ్యాధిగా మారినదని చెప్పడానికి వైద్యులు కాలాన్ని కూడా చూస్తారు. మనసు కుంగి ఉండడం, లేదా ఇదివరకు ఇష్టమైన వాటిపై ఆసక్తి పోవడం - ఈ రెండింటిలో ఒకటైనా దాదాపు ప్రతిరోజూ, రోజులో ఎక్కువ భాగం, కనీసం రెండు వారాల పాటు ఉండాలి. దానితోబాటు నిద్ర, ఆకలి, ఏకాగ్రత చెడడం, అలసట, తానెందుకూ పనికిరాననే భావన, అపరాధ భావన, మరణం గురించిన ఆలోచనలు వంటి లక్షణాలు కొన్ని కనిపిస్తాయి. కురుక్షేత్రంలో అర్జునుని విషాదాన్ని కొందరు కుంగుబాటుకు ఉదాహరణగా చెబుతారు గాని, ఈ కొలత ప్రకారం అది కుంగుబాటు కాదు, అప్పటికప్పుడు ఎదురైన ఒత్తిడికి తీవ్రమైన ప్రతిస్పందన మాత్రమే. మామూలు ఒత్తిడిలో ఉన్న విద్యార్థి పరీక్షలు ముగియగానే కడుపునిండా తిని నిద్రపోతాడు, స్నేహితులతో సినిమాకు వెళతాడు. కుంగుబాటులో ఉన్నవానికి సెలవులు ఇచ్చినా, మంచి వార్త చెప్పినా మనసు తేలికపడదు. తేడా తెలుసుకోవడానికి ఇంటివారు గమనించవలసినది ఇదే.

చాలామంది వైద్యుని వద్ద "నాకు దిగులుగా ఉంది" అని చెప్పరు. నీరసం, తలనొప్పి, ఒళ్ళు నొప్పులు, గుండె దడ, కడుపులో గ్యాస్, నరాల బలహీనత అని చెబుతారు. పరీక్షలన్నీ చేయించుకుని, ఏమీ లేదనిపించుకుని, బలానికి సెలైన్ ఎక్కించుకుని ఇంటికి వస్తారు. థైరాయిడ్ లోపం, రక్తహీనత, బి12 విటమిన్ లోపం కూడా ఇటువంటి లక్షణాలు కలిగించగలవు కనుక ఆ పరీక్షలు అవసరమే. అవి సరిగా ఉన్నప్పుడు "ఏమీ లేదు" అని వదిలివేయడమే పొరపాటు.

శరీరంలో జరిగేది

ఆపద ఎదురైనప్పుడు మెదడులోని హైపోథాలమస్ పీయూష గ్రంథిని, అది మూత్రపిండాల పైనున్న అధివృక్క గ్రంథులను ప్రేరేపిస్తాయి. వాటి నుండి కార్టిసాల్ అనే హార్మోను వెలువడి శరీరాన్ని పోరాటానికి సిద్ధం చేస్తుంది. ఆపద తీరగానే ఈ ఏర్పాటు తనంతట తాను ఆగాలి. రకరకాల బాధలకు శరీరం ఒకే తీరుగా స్పందిస్తుందనీ, ఒత్తిడి ఎంతకూ ఆగకపోతే ఆ స్పందనే హాని చేస్తుందనీ హాన్స్ సెల్యే 1936 నుండి సాగించిన పరిశోధనలలో వివరించాడు. తీవ్రమైన కుంగుబాటు గల పలువురిలో ఈ హార్మోను రాత్రివేళ కూడా తగినంత తగ్గదని తరువాత గమనించారు.

సెరటోనిన్ అనే రసాయనం తగ్గడమే కుంగుబాటుకు కారణమని చాలాకాలం ప్రచారంలో ఉండేది. ఈ వివరణకు గట్టి ఆధారం లేదని 2022లో వెలువడిన ఒక విస్తృత సమీక్ష తేల్చింది. దీని అర్థం మందులు పనిచేయవని కాదు, అవి పనిచేసే తీరు అనుకున్నంత సరళం కాదని.

ఒకే కష్టం వచ్చిన అందరూ కుంగిపోరు. లండన్‌లోని కేంబర్‌వెల్ ప్రాంతపు స్త్రీలను పరిశీలించి జార్జ్ బ్రౌన్, టిరిల్ హారిస్ 1978లో ప్రచురించిన గ్రంథం దీనికి ఒక జవాబు ఇచ్చింది. మనసు విప్పి చెప్పుకోదగిన ఆప్తులు లేనివారు, చిన్ననాటనే తల్లిని కోల్పోయినవారు కష్టం వచ్చినప్పుడు ఎక్కువగా కుంగుబాటుకు లోనయ్యారు. ఇల్లు వదలి హాస్టలులో చదివే విద్యార్థికి, మాట్లాడే తోడులేని వృద్ధులకు ఈ విషయం దగ్గరగా వర్తిస్తుంది.

కోలుకోవడం

"మనసు బాగుపడితే పనులు మొదలుపెడతాను" అని రోగి అనుకుంటాడు. "ధైర్యం తెచ్చుకో, అన్నీ అవే సర్దుకుంటాయి" అని బంధువులు అంటారు. రెండూ ఒక్కటే: ముందు మనసు మారాలి, తరువాత పని. చికిత్స ఈ వరుసను తిరగవేస్తుంది. కుంగినవాడు మంచం దిగడు. దిగనందువలన సంతోషం కలిగించే సంగతి ఏదీ ఎదురుపడదు. దానితో ఇంకా కుంగుతాడు. ఈ సుడిని తెంచడానికి ఇష్టం ఉన్నా లేకున్నా చిన్న పనులను వేళ ప్రకారం చేయిస్తారు. రోజూ ఒకే వేళకు లేవడం, స్నానం, వీధి చివరి వరకు నడక, మొక్కలకు నీళ్ళు పోయడం, ఒక మిత్రునికి ఫోను. చేసిన పనిని, అప్పటి మనఃస్థితిని పుస్తకంలో వ్రాసుకోమంటారు. మొదటి రోజులలో ఏ ఆనందమూ తెలియదు; ఆ సంగతి ముందే చెప్పకపోతే రోగి మూడవ రోజే మానివేస్తాడు. నీల్ జేకబ్‌సన్ బృందం అమెరికాలో 1996లో ప్రచురించిన అధ్యయనంలో ఈ ఒక్క భాగమే పూర్తి మానసిక చికిత్సతో సమానంగా పనిచేసింది.

దీనికి ప్రతిచోటా మానసిక వైద్యుడే ఉండనక్కరలేదు. గోవాలోని ప్రాథమిక ఆరోగ్య కేంద్రాలలో, వైద్య విద్య లేకున్నా శిక్షణ పొందిన సలహాదారులు 6 నుండి 8 విడతలలో ఈ చికిత్స ఇచ్చారు. 2017లో వెలువడిన ఫలితాల ప్రకారం మూడు నెలలకు వారి వద్దకు వచ్చినవారిలో 64 శాతం మంది కుంగుబాటు నుండి బయటపడ్డారు. మామూలు వైద్యం పొందినవారిలో 39 శాతం. పశ్చిమ గోదావరి జిల్లా గ్రామాలలో కూడా ఆశా కార్యకర్తలు ట్యాబ్లెట్ పరికరాల సాయంతో కుంగుబాటు గలవారిని గుర్తించి వైద్యుని వద్దకు పంపే పద్ధతిని పరీక్షించారు.

అమెరికా వైద్యుడు ఆరన్ బెక్ 1960లలో రూపొందించిన పద్ధతిలో ఆలోచనలను పరీక్షించడం నేర్పుతారు. ఇంటర్మీడియట్‌లో ఒక సబ్జెక్టు తప్పిన విద్యార్థి "నా బ్రతుకు అయిపోయింది" అనుకుంటాడు. ఆ ఆలోచనను కాదనకుండా, ఓదార్చకుండా, దానికి సాక్ష్యం ఏమిటి అని అడుగుతారు. తప్పినది ఎన్ని సబ్జెక్టులు, సప్లిమెంటరీ పరీక్ష ఎప్పుడు, అలా తప్పి తరువాత చదువుకున్నవారు ఎవరైనా తెలుసా అని అతనిచేతనే వ్రాయిస్తారు.

కుంగుబాటు మధ్యస్థంగా, తీవ్రంగా ఉన్నప్పుడు మందులు వాడతారు. అవి పనిచేయడం తెలియడానికి రెండు నుండి ఆరు వారాలు పడుతుంది, దుష్ఫలితాలు మాత్రం మొదటి వారంలోనే కనిపిస్తాయి. ఆ మధ్యకాలంలోనే ఎక్కువమంది మానివేస్తారు. బాగుపడిన తరువాత కూడా కనీసం ఆరు నెలలు వాడి, వైద్యుని సలహాతో మెల్లగా తగ్గించాలి. 25 ఏళ్ళ లోపువారిలో మొదటి వారాలలో ఆత్మహత్య ఆలోచనలు పెరిగే అవకాశం ఉన్నందున ఇంటివారు దగ్గర ఉండి గమనించాలి. కోలుకోవడం తిన్నగా సాగదు. నాలుగు మంచి రోజుల తరువాత వచ్చే ఒక చెడ్డ రోజు వ్యాధి తిరగబెట్టినట్లు కాదు. ఒత్తిడికి మూలమైన అప్పో, వేధింపో అలాగే ఉంటే దానికి వేరే పరిష్కారం చూడాలి. అప్పును మాత్ర తీర్చదు.

ఆత్మహత్య ఆలోచనలు ఉన్నప్పుడు

ఈ సంగతి సూటిగా అడిగితే లేని ఆలోచన పుడుతుందని చాలామంది భయపడతారు. అది అపోహ, అడగడం వలన చాలామందికి భారం తగ్గుతుంది. అటువంటి వారిని ఒంటరిగా వదలకుండా, ప్రమాదకరమైన వస్తువులను అందుబాటు నుండి తీసివేసి, వెంటనే వైద్యుని వద్దకు తీసుకువెళ్ళాలి. 2022 అక్టోబరు 10న ప్రారంభమైన టెలీ మానస్ సేవకు 14416 నంబరుపై రాత్రింబవళ్ళు ఉచితంగా ఫోను చేసి తెలుగులో మాట్లాడవచ్చును. పోలీసు కేసు అవుతుందన్న భయంతో ఆత్మహత్యా ప్రయత్నాన్ని దాచి, ఆసుపత్రికి ఆలస్యంగా వచ్చే కుటుంబాలు ఉన్నాయి. 2018 మే 29న అమలులోకి వచ్చిన మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం 2017 ప్రకారం, వేరుగా రుజువైతే తప్ప, అటువంటి వ్యక్తి తీవ్రమైన ఒత్తిడిలో ఉన్నట్లు భావించి ప్రభుత్వం చికిత్స, పునరావాసం కల్పించాలి. ఆ ప్రయత్నాన్ని నేరంగా పరిగణించిన భారత శిక్షాస్మృతి 309వ సెక్షను, 2024 జూలై 1 నుండి దాని స్థానంలో వచ్చిన భారతీయ న్యాయ సంహితలో లేదు.