సర్వాయి పాపన్న ఏలుబడి



జనగామకు చేరువనున్న ఖిలాషాపురమున నేటికిని ఒక రాతికోట కలదు. దానిని కట్టించినవాడు సర్వాయి పాపన్న. మొగలాయి చరిత్రకారుడైన ఖాఫీఖాను ఇతనిని బందిపోటని వ్రాసెను. మన పల్లెల పాటగాండ్రు వీరుడని పాడిరి. కల్లు గీచు కులమున పుట్టినవాడు కోటకధిపతి యెట్లయ్యెనో, ఆ యేలుబడి యేల కూలెనో నేడు మనవి చేసెదను.

1687లో ఔరంగజేబు గోలకొండను గైకొనెను. పాత కొలువు పోయెను. క్రొత్త యేలికలకు పల్లెలపై పట్టు చిక్కలేదు. పాపన్న మోకు, ముత్తాదు విడిచి తాటికొండ గుట్టపై కోట కట్టి, బాటలు కొట్టసాగెను. తరుమగా పారిపోయి కౌలాసు జమీందారు కొలువున చేరెను. అచ్చటను పాతపని మానక చెరసాల పాలయ్యెను. ఇంతలో జమీందారు కుమారునికి జబ్బు చేసెను. ఖైదీలను విడిచినచో బిడ్డ కోలుకొనునని తలచి, ఆ తల్లి అందరిని విడిపించెను. ఒక తల్లి మ్రొక్కు ఎంత దూరము పోయెనో చూడుడు!

అటుపిమ్మట అతడు షాపురము చేరెను. అదియే నేటి ఖిలాషాపురము. పైకి వచ్చిన కొలనుపాక ఫౌజుదారు ఖాసింఖాను పోరున మడిసెను. హైదరాబాదు నాయబు సుబేదారు రుస్తుందిల్‌ఖాను రెండు నెలలు ముట్టడించి కోటను పేల్చివేసెను. సేన మరలగానే పాపన్న మరల వచ్చి, రాతితో, సున్నముతో కోటను గట్టిగా కట్టించెను. దూదేకుల, చాకలి, మంగలి, కుమ్మరి కులములవారు ఆతని వెంట నిలిచినట్లు పాటలు చెప్పుచున్నవి. బంజారీల వేలకొలది యెడ్లను పట్టి తెచ్చి, కోట చుట్టు పొలములను దున్నించెనని ఖాఫీఖానే వ్రాసెను. సేద్యము చేయించువానిని వట్టి దొంగ యనుట నాకు మనస్కరించదు.

1707లో ఔరంగజేబు మరణించెను. కుమారులు సింహాసనమునకై పోరాడుచుండగా, 1708లో మొహరము దినములలో పాపన్న ఓరుగల్లుపై పడెను. కాలిబంట్లు రెండు మూడువేలు, గుఱ్ఱములు నాలుగైదు వందలు. అంగళ్లు కొల్లపోయెను, పెద్ద కుటుంబముల స్త్రీలు, పిల్లలు చెరబడిరి. ఈ పని నేను మెచ్చలేను. తరువాత భువనగిరిపై పడెను.

1709లో బహదూరు షా హైదరాబాదునకు రాగా, పాపన్న పదునాలుగు లక్షల రూపాయలు కానుకగా నిచ్చి గౌరవవస్త్రము పొందెను. ఇంగ్లండు దేశమున ఓడలపై వచ్చి కొల్లగొట్టిన వైకింగు నాయకుడు గుత్రుము, 878లో ఆల్ఫ్రెడు రాజునకు ఓడి, ఆయన మతము స్వీకరించి, తూర్పు ఆంగ్లియాకు రాజుగా నిలిచెను. పాపన్నకు అట్టి స్థిరత్వము చిక్కలేదు. చెరబడినవారి బంధువులును, పెద్దలును మొరపెట్టిరి: కల్లు గీచువానికి పాదుషా సత్కారమా? పాదుషా మనసు మార్చుకొని, క్రొత్త సుబేదారు యూసుఫ్‌ఖానుకు పాపన్నను అణచుమని ఆజ్ఞాపించెను.

మొదటి దెబ్బ ఇంటిలోనే తగిలెను. పాపన్న బావమరది షాపురమున ఖైదీగా నుండెను. పాపన్న వేరొక కోటను ముట్టడింప వెళ్లియుండగా, ఆతని భార్య అన్నములో ఆకురాయి దాచి తోబుట్టువునకు పంపెను. ఖైదీలు సంకెళ్లు కోసికొని కోటను పట్టుకొనిరి. పాపన్న తాటికొండకు తప్పుకొనెను. ముట్టడి నెలల తరబడి సాగెను. యూసుఫ్‌ఖాను రెట్టింపు జీతమాశ చూపగా బంట్లు జారిపోయిరి, మందుగుండు తరిగెను. 1710లో పాపన్న కాలిగాయముతో మారువేషమున వెలుపడి, హసనాబాదు గ్రామమున కల్లు దుకాణమున ఆగి కల్లడిగెను. దుకాణదారుడు గుర్తుపట్టి, ఆ బావమరదికే కబురంపెను. పాపన్న తల ఢిల్లీకి పోయెను. మొండెము హైదరాబాదు గవనికి వ్రేలాడదీయబడెను.