ఆర్థిక వృద్ధి – షేర్ మార్కెట్ సూచీలు: అమెరికా, ఇతర దేశాల పోలిక

ఒక దేశపు షేర్ మార్కెట్ సూచీ పెరిగితే ఆ దేశ ఆర్థిక వ్యవస్థ కూడా అదే మేరకు పెరిగిందని భావించడం పరిపాటి. అమెరికా, చైనా గణాంకాలను పక్కపక్కన ఉంచి పరిశీలిస్తే ఈ భావన నిలవదు.

2007 అక్టోబరులో షాంఘై కాంపోజిట్ సూచీ 6,000 పాయింట్లు దాటింది. అదే నెలలో అమెరికాకు చెందిన ఎస్ అండ్ పి 500 సూచీ 1,565 వద్ద ముగిసింది. 2023 నాటికి ప్రస్తుత ధరలలో, డాలర్ల లెక్కన, చైనా స్థూల దేశీయోత్పత్తి సుమారు అయిదు రెట్లయింది; అమెరికాది రెట్టింపు కూడా కాలేదు. అయినప్పటికీ 2023 చివరకు షాంఘై సూచీ 3,000 దిగువన, అమెరికా సూచీ 4,700కు పైన నిలిచాయి.

ఎంత మంచి పంట పండినా, భూమిని అధిక ధరకు కొన్నవారికి పెట్టుబడిపై రాబడి తక్కువే. 2007 నాటి చైనా షేర్ల ధరలలో రాబోయే అనేక సంవత్సరాల వృద్ధి ముందుగానే కలిసి ఉంది. జపాన్‌లోనూ ఇదే జరిగింది. 1989 డిసెంబరులో 38,915 వద్ద ముగిసిన నిక్కీ సూచీ ఆ స్థాయిని మళ్లీ దాటడానికి 2024 ఫిబ్రవరి వరకు పట్టింది. షేర్ల సంఖ్య మరొక కారణం. వృద్ధి కోసం కంపెనీలు కొత్త షేర్లు జారీ చేస్తూ పోతే, మొత్తం లాభం పెరిగినా ఒక్కో షేరుకు దక్కే లాభం అంతగా పెరగదు. అమెరికాలోని అనేక పెద్ద కంపెనీలు తమ షేర్లను తామే తిరిగి కొంటున్నాయి. పైగా వాటి ఆదాయంలో గణనీయమైన భాగం విదేశాల నుండి వస్తున్నందున, ఆ సూచీని అమెరికా ఆర్థిక స్థితికి మాత్రమే కొలమానంగా తీసుకోరాదు.

లెక్కింపు పద్ధతిలోనూ తేడాలున్నాయి. జర్మనీకి చెందిన డాక్స్ సూచీలో డివిడెండ్లు కలిసి ఉంటాయి. సాధారణంగా ఉటంకించే ఎస్ అండ్ పి 500లో ఉండవు. విద్యార్థులు ఈ రెండింటినీ ఒకే పటంలో గీయడం సరికాదు.

ఒకే దేశంలో సైతం సూచీ, సేద్యం వేర్వేరు దారుల్లో నడవగలవు. 1970 దశకంలో అమెరికా రైతులు విరివిగా అప్పులు చేసి భూములు కొన్నారు. ద్రవ్యోల్బణాన్ని అదుపు చేయడానికి 1979 నుండి ఫెడరల్ రిజర్వ్ వడ్డీ రేట్లను పెంచింది. డాలర్ బలపడి ధాన్యం ఎగుమతులు దెబ్బతిన్నాయి. 1981–86 మధ్య అయోవా రాష్ట్రంలో సాగుభూమి ధర దాదాపు 63 శాతం పడిపోయింది. వేలాది కుటుంబాలు భూములు కోల్పోయాయి. అదే కాలంలో, 1982 ఆగస్టులో 800 దిగువన ఉన్న డౌ జోన్స్ సూచీ 1986 చివరకు 1,900కు చేరువైంది. ఇందులో వింతేమీ లేదు. ట్రాక్టర్ల కంపెనీ షేర్ మార్కెట్‌లో ఉంటుంది, కుటుంబ కమతం ఉండదు.

భారతదేశంలో 2023–24లో శ్రామికులలో సుమారు 46 శాతం మంది వ్యవసాయంపై ఆధారపడి ఉండేవారు. వారి స్థితిని అంచనా వేయడానికి సెన్సెక్స్ కన్నా పంట ధరకు, ఎరువుల ధరకు గల నిష్పత్తి, కౌలు రేట్లు, రుణ బకాయిలు ఎక్కువ ఉపకరిస్తాయి.