ప్రవాసాంధ్రుల వంశాన్వేషణము

కృష్ణా గోదావరీ మండలములలో ఒక గృహస్థు తన వంశమును గురించి తెలిసికొనదలచినచో అతనికి ఇంటిపేరే తొలి ఆధారము. పెక్కు ఇంటిపేళ్లలో ఒక ఊరు దాగియుండును. పితృకార్యములందు తండ్రి, తాత, ముత్తాతల పేర్లు ఎట్లును ఉచ్చరింపవలసినవే. అంతకు పైతరములవారు కొందరు కాశీ గయా క్షేత్రముల పండాలు ఉంచు వహీలలో దొరకుదురు. రెడ్లు, కమ్మవారు మొదలగువారి గోత్రములను, ఇంటిపేళ్లను పిచ్చుకగుంట్లవారు ఇల్లిల్లు తిరిగి చెప్పెడివారు. సముద్రము దాటి మారిషస్‌కో, నేటాలుకో కూలికి పోయిన తెలుగువాని మునిమనుమనికి ఈ సాధనములలో ఒక్కటియు అందదు. అతని పూర్వుని ఇంటిపేరు ఓడ యెక్కునప్పుడే పోయినది.

అది పోయిన విధము సామాన్యమైనది. గుమాస్తా వలసదారుని పేరును, అతని తండ్రి పేరును అడిగి వ్రాసికొనెను. ఇంటిపేరునకు ఆ పట్టీలో గడి లేదు. పరదేశమున బిడ్డ పుట్టినపుడు తండ్రి పేరే ఆ బిడ్డకు వంశనామముగా నమోదయ్యెను. ఒక తరమున అప్పలస్వామి యన్నది మనిషి పేరు. మరుతరమున అదియే కుటుంబము పేరు. నేటాలులో నాయుడు, రెడ్డి మొదలగు గౌరవవాచకములు వంశనామములుగా స్థిరపడుటచే ఏ చుట్టరికమును లేని కుటుంబములెన్నో ఒకే పేరు వహించినవి. కావున అచ్చటి నాయుడుగారు ఇచ్చటి నాయుడుగారిని చూచి బంధువని సంబరపడుట తొందరపాటగును.

ఐనను ఆ పట్టీలే నేడు ముఖ్యాధారములు. బ్రిటిషు వలసరాజ్యములలో బానిసత్వము రద్దయిన పిమ్మట చెరకుతోటలకు పనివారు కావలసివచ్చిరి. 1834 మొదలు 1910 వరకు మారిషస్‌కు నాలుగున్నర లక్షలమంది, 1860 మొదలు 1911 వరకు నేటాలుకు 1,52,184 మంది, 1879 మొదలు 1916 వరకు ఫిజీకి 60 వేలకు పైగా భారతీయులు ఒడంబడిక కూలీలుగా పోయిరి. నేటాలుకు తొలి ఓడ ‘ట్రూరో’ మద్రాసు నుండియే బయలుదేరి 1860 నవంబరు 16 న డర్బను రేవు చేరినది. ఫిజీకి మద్రాసు ఓడలు సాగినది 1903 నుండి మాత్రమే. అంతకు ముందే తమ తాత మద్రాసులో ఓడయెక్కి ఫిజీ చేరెనని చెప్పు ఇంటిగాథను ఒకమారు పరీక్షింపవలెను. మారిషస్‌లోను, బర్మాలోను తెలుగువారికి కోరంగీలను పేరు పడినది. ఆ మాట రేవును చెప్పునే గాని ఊరును చెప్పదు.

నేటాలు పట్టీలో ఒక్కొక్క మనిషికి ఒక్కొక్క సంఖ్య కలదు. ఆ సంఖ్య వెంట పేరు, తండ్రి పేరు, వయస్సు, కులము, జిల్లా, తాలూకా, గ్రామము, ఒడలి గుర్తులు వ్రాయబడినవి. కనుబొమపై గాయపు మచ్చ, ముంజేతిపై పచ్చబొట్టు ఇట్టివి అందు కనబడును. ఇంటిపేరును పోగొట్టిన ప్రభుత్వమే మోకాలిమీది మచ్చను పదిలపరచినది! కుటుంబములవారు ఈ సంఖ్యను ముందుగా వెదకుకొనవలెను. పేర్లు మారినను సంఖ్య మారదు. వివాహపత్రములలోను, మరణపత్రములలోను అది పూర్వుని వెంట నడచుచుండును.

పట్టీలోని పేరును చదువుటయే ఒక విద్య. తెలుగు కూలీ పలికిన పేరును పరభాషా గుమాస్తా తనకు వినబడినట్లు ఇంగ్లీషు లిపిలో దింపెను. దానిని పిదప మరియొకడు ఎత్తివ్రాసెను. వ్రాతను చూచి పోల్చుకొనుటకంటె గట్టిగా పైకి చదివి చెవితో పోల్చుకొనుట మేలు. ఇచ్చట తెలుగు తెలిసినవాని సహాయము లేక పరదేశపు పరిశోధకులు తరచు దారి తప్పుదురు. ఏలయన తెలుగు పేరు తానే ఒక చిరునామా. అప్పలస్వామి, అప్పన్న, సింహాద్రి యను పేర్లు వినగానే సింహాచలము మనసున మెదలును. పైడయ్య, పైడితల్లి యన్నచో విజయనగరము వైపు చూడవచ్చును. పెంచలయ్య యన్నచో నెల్లూరి సీమలోని పెంచలకోన. మారిషస్ తెలుగువారు నేటికిని సింహాద్రి అప్పన్నకు, అమ్మోరుకు పూజలు సలుపుచున్నారు. ‘అమ్మోరు’ అను ఆ ఉచ్చారణమే ఒక సాక్ష్యము. ఇవి నిర్ణయములు కావు, వెదకవలసిన దిక్కును చూపు సూచనలు. కాని దిక్కు తెలియుటయే సగము పని.

కులపు గడిని మాత్రము జాగరూకతతో చదువవలెను. ఓడ యెక్కునపుడు కొందరు తమ కులమును మార్చి చెప్పిరి. దుర్భరమైన అంటరానితనము నుండి తప్పించుకొనగోరినవారును, కూలిపని దొరకదని భయపడి పైకులమును దాచుకొన్నవారును వారిలో ఉన్నారు. నాలుగైదు తరములుగా ఒక నమ్మకముతో బ్రతికిన కుటుంబమునకు ఆ గడి తలక్రిందులుగా కనబడవచ్చును. అట్టి సందర్భమున కాగితము నిజమో, ఇంటిమాట నిజమో తేల్చుటకు త్వరపడరాదు.

ఛాయాపటముల విషయమున మారిషస్ పరిశోధకుడు అదృష్టవంతుడు. 1867 నాటి చట్టము ఒడంబడిక తీరిన కూలీలు తమ ఛాయాపటము గల చీటీని వెంట ఉంచుకొనవలెనని విధించినది. చీటీ లేనివాడు చెరసాలపాలగుచుండెను. అదుపునకై తీయించిన ఆ పటములే నేడు మునిమనుమలకు పూర్వుల ముఖదర్శనము చేయించుచున్నవి. మోకాలోని మహాత్మాగాంధీ సంస్థలో వలసపత్రములతోబాటు అవియు భద్రముగా ఉన్నవి. ఆ ముఖములలో నవ్వు లేదు, అలంకారము లేదు.

ఇండ్లలోని పటముల సంగతి వేరు. వెనుకనున్న స్తంభము, తెర, పూలకుండీ పటశాలవానివి. కోటును, గొలుసు గడియారమును సైతము ఎరువు సొమ్ము కావచ్చును. పటములోని ఐశ్వర్యమును బట్టి వంశచరిత్ర వ్రాయుట ప్రమాదము. అట్ట వెనుకనున్న పటశాల ముద్ర, ఊరిపేరు, చేతివ్రాత మాత్రము విలువైనవి. పటములోనివారిని గుర్తింపగల వృద్ధులు జీవించియుండగనే పేర్లు అడిగి వ్రాసికొనవలెను. మిగిలిన పని పదేండ్ల తరువాతనైనను చేయవచ్చును.

ఇక ఈ తీరమునకు వచ్చినచో చిక్కులు వేరువిధమైనవి. పట్టీలో విశాఖపట్టణము జిల్లా యని యున్నచో ఆనాటి ఆ జిల్లా నేడు పెక్కు జిల్లాలలో చీలియున్నది. గంజాము భూభాగము 1936 లో కొంత ఒరిస్సాకు పోయినది. ఆనాటి ఉత్తరార్కాడులోని చిత్తూరు 1911 లో వేరు జిల్లా అయినది. కొత్తవలస వంటి పేరుగల గ్రామములు ఉత్తరాంధ్రమున ఎన్నియో కలవు. 1858 లో ఏర్పడిన ఇనాం కమిషను ఇనాందారుల వారసత్వమును విచారించి పుస్తకములకెక్కించినది. కాని ఓడ యెక్కిన కూలీకి ఇనామెక్కడిది? పైగా విశాఖ సీమ చాలవరకు జమీందారీ భూమి. 1948 నాటి చట్టముతో ఎస్టేటులు రద్దయిన పిదపగాని అచ్చట రైతువారీ రికార్డులు ఏర్పడలేదు. పూర్వపు లెక్కలు దివాణములలోను, కరణముల ఇండ్లలోను ఉండెడివి. 1984 లో కరణీకములు రద్దయినపుడు ఊరి చరిత్రను నోట చెప్పగల వ్యవస్థయే ముగిసినది.

కాగితము మూగవోయినచోట ఇటీవల డి.ఎన్.ఏ. పరీక్షను ఆశ్రయించుచున్నారు. ఉమ్మినీటిలోని కణముల నుండి వంశసూత్రమును చదువు విద్య యిది. తండ్రి నుండి కుమారునకు మాత్రమే సంక్రమించు వై క్రోమోజోము ఒక దారిని, తల్లి నుండి బిడ్డలకు సంక్రమించు మైటోకాండ్రియా డి.ఎన్.ఏ. వేరొక దారిని చూపును. తక్కిన భాగము తల్లిదండ్రుల నుండి చెరిసగము వచ్చును గనుక ముత్తాత తండ్రి వాటా సగటున పదునారవ వంతు. ఆరు తరములు పోయినచో అరువదినాలుగవ వంతు మాత్రమే. నాలుగైదు తరముల క్రింద విడిపోయిన దాయాదులలో ఉభయులకు పరీక్షలో పట్టుబడునంత ఉమ్మడి అంశము లేకపోవుటయు కలదు. పోలిక కనబడలేదు గనుక చుట్టరికము లేదనరాదు.

తెలుగువారి విషయమున దీనికి విపర్యయము కూడ సంభవించును. మేనరికములు, మేనమామ మేనకోడళ్ల వివాహములు గల వంశములలో ఒకే పూర్వుడు వంశవృక్షమున రెండు మూడుచోట్ల నిలుచును. అందుచే దూరపు దాయాది దగ్గరి బంధువువలె లెక్కకు వచ్చును. హైదరాబాదు సీ.సీ.ఎం.బీ.కి చెందిన లాల్జీ సింగ్, తంగరాజ్ ప్రభృతులు అమెరికా శాస్త్రజ్ఞులతో కలసి 2009 లో ప్రకటించిన పరిశోధనమునుబట్టి, మన కులములలో పెక్కింటికి మూలపురుషులు కొద్దిమందియే. వారి సంతతి తరతరములుగా తమలో తామే వియ్యమందినది. పాశ్చాత్యుల కుటుంబములకు కట్టిన కొలబద్ద ఇచ్చట పొసగదు. పరీక్షకు ఉమ్మి నిచ్చినవారిలో ఉత్తరాంధ్ర గ్రామీణులెందరుందురు? సరిపోల్చుటకు ఎదుటివాడు లేనిదే యంత్రమేమి చెప్పగలదు?

ఈ అన్వేషణము కేవలము కుతూహలము కాదు. మారిషస్‌లోని భారతీయసంతతికి ఏడవతరము వరకు విదేశీ భారత పౌరసత్వపు కార్డు నిచ్చు ప్రత్యేకావకాశము 2024 లో ప్రకటింపబడినది. ఆ సంబంధమును నిరూపించుటకు పాత పత్రములకు కొత్త విలువ వచ్చినది. ఊరిలోనివారికి మాత్రము విలువ మరియొక రీతిని తోచవచ్చును. సముద్రము మీద పోయిన అన్నదమ్ముని సంతతి నూరేండ్లకు తిరిగివచ్చి అరుగుమీద కూర్చున్నపుడు, భూమిలో వాటా అడుగునేమో యని గృహస్థు సందేహించుట సహజము. అనుభవజ్ఞులు అందుచేతనే మొదటి దినమున పత్రములు తీయరు. ఓడపట్టీ నకలును సంచిలోనే ఉంచి, గ్రామదేవత పేరేమని అడిగెదరు.