డేటా కేసులకు లాయర్లేరీ?

డేటా ప్రైవసీ లా అనగానే లా విద్యార్థులకు హైటెక్ సిటీ ఆఫీసు, మంచి జీతం గుర్తొస్తాయి. కారణం లేకపోలేదు. 2017లో పుట్టస్వామి కేసులో సుప్రీంకోర్టు తొమ్మిదిమంది న్యాయమూర్తుల ధర్మాసనం గోప్యతను ప్రాథమిక హక్కుగా తేల్చింది. 2023లో డిజిటల్ వ్యక్తిగత డేటా రక్షణ చట్టం, 2025 నవంబరులో దాని నియమాలు వచ్చాయి. తగిన భద్రత పాటించక డేటా బయటికి పోతే సంస్థకు 250 కోట్ల రూపాయల దాకా జరిమానా పడొచ్చు. సైబర్ దాడి కంటబడిన ఆరు గంటల్లో కేంద్ర సైబర్ భద్రతా సంస్థ సెర్ట్-ఇన్‌కు తెలపాలని 2022 నుంచే ఆదేశముంది. ఆ ఆరు గంటల్లో ఏది చెప్పాలో, ఏది ఇంకా తేలలేదని రాయాలో చూసుకునే లాయరు కంపెనీకి అవసరమే.

అయితే ఈ విద్య తెలిసినవాళ్లకు అసలు కరువు జిల్లా కోర్టుల్లో ఉంది. కంపెనీ కట్టే జరిమానా భారత సంచిత నిధికి పోతుంది. ఆధార్, ఫోన్ నంబర్లు బజారున పడ్డ మనిషికి అందులో పైసా రాదు. పరిహారానికి దారి చూపిన ఐటీ చట్టం 43ఎ సెక్షన్‌నూ కొత్త చట్టం తొలగిస్తోంది. ఇక ఆన్‌లైన్ మోసంలో డబ్బు పోగొట్టుకున్నవాళ్ల సంగతి. సైబర్ మోసాల హెల్ప్‌లైన్ 1930కి ఫోన్ చేస్తే బ్యాంకు కొంత సొమ్ము ఆపొచ్చు, అది చేతికి రావడానికి చాలాసార్లు కోర్టు ఉత్తర్వు కావాలి. కేసు నడిస్తే వాట్సాప్ స్క్రీన్‌షాట్ ప్రింటు తీసి ఇస్తే చాలదు. 2024 జులై 1 నుంచి అమల్లో ఉన్న భారతీయ సాక్ష్య అధినియమం 63వ సెక్షన్ ప్రకారం ధ్రువపత్రం జతచేయాలి. ఫోన్ మోడల్, రంగు, ఐఎంఈఐ నంబరు, ఫైలు హ్యాష్ విలువ (ఫైలు మారలేదని చూపే గుర్తు) అందులో ఉండాలి. ఆ పత్రం రెండో భాగాన్ని నిపుణుడు నింపాలి. ఇది తెలియక మంచి కేసులు కూడా చేజారతాయి.

తెలంగాణలో లోక్ అదాలత్‌లు డబ్బు తిరిగి ఇప్పిస్తున్నాయిగా, లాయరెందుకని అడగొచ్చు. అక్కడ దక్కేది ఖాతాలో ఆగిన సొమ్ము మాత్రమే. దాటిపోయినదానికి సాక్ష్యంతో పోరాడాల్సిందే. కంప్యూటర్ చదువు లేనివాళ్ల వల్ల కాదనే మాటా సరికాదు. కోడ్ రాయనక్కర్లేదు, లాగ్ ఫైలు ఏం చెబుతుందో, హ్యాష్ ఎందుకు మారుతుందో అర్థమైతే చాలు. ఫీజు సంగతి మాత్రం నిజమే: ముప్పై వేలు పోయినవాడు పదివేలు ఇచ్చుకోలేడు. అందుకే న్యాయసేవా సంస్థల ప్యానెల్ లాయర్లు ముందు నేర్చుకోవాలి. కంపెనీల పనిలోనూ తెలుగు తెలిసినవాళ్లకు చోటుంది. సమ్మతి నోటీసును ఇంగ్లీషులోగాని, రాజ్యాంగం ఎనిమిదో షెడ్యూలులోని 22 భాషల్లో దేనిలోగాని చదువుకునే వీలు ఇవ్వాలని డేటా రక్షణ చట్టమే చెబుతోంది. మక్కికి మక్కి తర్జుమా చేసి పడేసిన నోటీసుకు జనం సరేనంటే అది తెలిసి ఇచ్చిన సమ్మతేనా? రేపు కోర్టుల్లో నలిగే ప్రశ్నల్లో ఇదొకటి.

ధ్రువపత్రం నింపడం నేర్పే ఒక్క శనివారం తరగతి పెట్టడానికి మన బార్ అసోసియేషన్లకు ఎవరి అనుమతీ అక్కర్లేదు. పెట్టాలి.