బిడ్డల భోజనము – బట్టలమీది మరకలు

అన్నప్రాశనమైన నాటినుండి మూడేండ్లు నిండువరకు బిడ్డ భోజనము చేయు వేళ తల్లికి రెండు పనులు పడుచుండును. ఒకటి, బిడ్డ కడుపు నిండునట్లు చూచుట. రెండవది, బిడ్డ బట్ట పాడుకాకుండ చూచుట. ఈ రెండును ఒకదానితో నొకటి పోరాడుచుండుటయు, పెక్కు గృహములలో రెండవదే గెలుచుచుండుటయు మేము చూచుచున్నాము. బట్టమీద పప్పు పడునని వెరచి తల్లి బిడ్డ చేతులు రెండును తన యెడమచేత పట్టుకొని, కుడిచేత ముద్దలు నోట కుక్కును. బట్ట తెల్లగానే యుండును. బిడ్డకు మాత్రము భోజనమన్న నొక బంధనముగా తోచును. సోదరీమణులారా! బట్టలను శుభ్రముగా నుంచుకొను నుపాయములు కొన్ని యిందు వ్రాయదలచితిమి. కాని బిడ్డ చేతులు పట్టివేయుట వానిలో నొకటి కాదని ముందుగనే మనవి చేయుచున్నాము.

ఏలయన, చేతితో తినుట యొక విద్య. ఏడెనిమిది మాసముల బిడ్డ అన్నమును గుప్పిటతో పిసికి నోటివద్దకు తెచ్చుకొనును. తొమ్మిది పది మాసములకు బొటనవ్రేలిని చూపుడువ్రేలితో చేర్చి మెతుకు నేరుకొన నేర్చును. చెంచాను తిన్నగా నోటికి చేర్చుకొనుట ఏడాది దాటిన పిదప గాని అలవడదు. మెతుకులు పారబోయకుండ ఈ విద్య నెవరును నేర్చుకొనలేదు; మనమును నేర్చుకొనలేదు. మా యింటివారు ఉపాధ్యాయులగుటచే మాకు తెలిసిన సంగతి యొకటి కలదు. బడిలో మధ్యాహ్న భోజనమునకు కూర్చున్న ఒకటవ తరగతి పిల్లలలో కొందరు పళ్లెము ముందు పెట్టుకొని, ఎవరైన కలిపి పెట్టుదురేమో యని చుట్టును చూచుచుందురట. వారి తల్లులు బద్ధకస్తులు కారు. మిక్కిలి శుభ్రము గల తల్లులే.

మా వీధిలోని యొక చిన్న యిల్లాలు కొంతకాలము క్రిందట మా యొద్దకు వచ్చి, “అక్కయ్యగారూ, మా పిల్లకు అన్నము చూచిన నేడుపు వచ్చుచున్నది. ఏమి చేయుదును?” అని యడిగెను. మేము వెళ్లి చూచితిమి. ఏడాదిన్నర పిల్ల, మంచుపూవువంటి తెల్లని గౌను. ముద్ద జారినప్పుడెల్ల తల్లి “అయ్యో, గౌను!” అని కేక వేయును. పిల్ల గౌనువంక చూచుకొని బిక్కమొగము పెట్టును. నాలుగవ ముద్దకు నోరు మూసికొనెను. “అమ్మాయీ, ఆ గౌను విప్పి కూర్చుండబెట్టి చూడుము” అంటిమి. “దిసమొలతో నేమి పెంపకమని మా అత్తయ్యగారు కోపపడుదురేమో!” అనెను. అత్తగారు లోపలినుండి విని, “నేను నలుగురు బిడ్డలను గౌనులు తొడిగి పెంచితినా యేమి?” అని నవ్విరి. నాలుగైదు దినములకు పిల్ల తనంతట తానే పళ్లెము వద్దకు ప్రాకుచు వచ్చెనని విన్నాము. మన్ను తినెనని యశోద బాలకృష్ణుని నోరు తెరచి చూచినదే గాని, బట్ట మాసినదేమో యని చూచినట్లు మేము చదివిన పురాణములలో లేదు.

కాబట్టి మొదటి యుపాయము, ఖర్చు లేనిది, బట్ట విప్పివేయుట. మన యెండలకు మొలత్రాడు తప్ప మరేమియు లేకుండ కూర్చుండి తినుట బిడ్డకు సుఖము. తిన్న పిదప రెండు చెంబుల నీళ్లతో ఒడలు కడిగిన పనియైపోవును. చర్మము కడిగినంత సులభముగా చొక్కా నుతుకజాలము. మాఘమాసపు చలిలోను, జలుబు చేసినప్పుడును ఇట్లు చేయరాదు. అప్పుడు తండ్రిగారి పాత నూలుచొక్కా యొకటి తీసి, చేతులు మోచేతికడకు కత్తిరించి, వెనుక ముందుగా తొడిగి మెడవెనుక బొత్తామొకటి పెట్టవలెను. అది మోకాళ్లవరకు దిగును గనుక లోని బట్టకు చుక్కయు తగులదు.

లెక్క చూడుడు. ఏడాది దాటిన బిడ్డ భోజనమును చిరుతిండియు కలిపి దినమునకు 5 మారులు తినును. ప్రతిమారును బట్ట మార్చినచో నెలకు 150 జతలు. ఇన్ని నుతుకువారెవరు? ఉతుకుట తల్లి పాలు, కోపము బిడ్డ పాలు. వాషింగు మెషీను గల యిండ్లలోను మరకను ముందుగా చేతితో రుద్ది వదల్చుట తల్లికి తప్పలేదు. ఆ 150 ని 30 కి దింపగలిగిన నాడు తల్లికి కోపమే రాదు.

మెడకు కట్టు గుడ్డ నంగడిలో కొనవచ్చును. అడుగున దోనెవలె వంగియుండి, జారిన మెతుకులను పట్టుకొను సిలికాను పలకలు వచ్చినవి; అవి కడిగి తుడిచిన చాలును, మంచివే. కాని చేతికి చిక్కిన నూలుతువాలుతోనే అంతకంటె మేలైనది కుట్టుకొనవచ్చును. ముతక టర్కీ తువాలును మూరెడు పొడవు కత్తిరించుకొనుడు. పైయంచున మెడకు చాలునంత చంద్రవంకగా కోసి, అంచునకు పాతచీర పట్టీ వేయుడు. క్రిందియంచును 4 అంగుళములు పైకి మడచి రెండు ప్రక్కల మాత్రము కుట్టిన నది జేబగును. బిడ్డ పారవేసినదానిలో సగము దానిలోనే పడును. మెడవెనుక పొడవైన నాడాలు పెట్టరాదు. అవి దేనికైన తగులుకొని గొంతు బిగియవచ్చును. చేతితో లాగిన నూడివచ్చు నొక్కుడు బొత్తాము పెట్టుట క్షేమము. ఆ గుడ్డతో బిడ్డను ఎన్నడును నిద్రపుచ్చరాదు. ఇట్టివి మూడు కుట్టుకొన్న ఒకటి ఒంటిమీద, ఒకటి తీగెమీద, ఒకటి పెట్టెలో నుండును.

కూర్చుండబెట్టు చోటు కూడ చూచుకొనవలెను. చాపమీద కూర్చుండబెట్టిన మెతుకులు నేతసందులలో దూరి చీమలు పట్టును. గచ్చునేలమీద పాత నూలుచీరను నాలుగు మడతలు పరచిన, భోజనానంతరము నాలుగు కొనలు పట్టి దొడ్డిలో దులుపుకొనవచ్చును. పళ్లెము బరువుగా, అంచు నిలువుగా నుండవలెను. తేలిక పళ్లెమును బిడ్డ ఒక్కతట్టుతో తలక్రిందులు చేయును. ఒకేసారి గిన్నెడన్నము పెట్టరాదు. ఉసిరికాయంత ముద్దలు రెండు పెట్టి, అవి పోయిన పిదప మరి రెండు పెట్టుడు. అన్నమును కొంచెము గట్టిగా కలిపిన చేతికి చిక్కును. చారు పోసి జావవలె చేసినది బిడ్డ చేతిలో నిలువదు, తల్లియే పెట్టవలసివచ్చును. త్రాగు గ్లాసులో రెండు గ్రుక్కల నీళ్లకంటె నెక్కువ పోయరాదు. ఇక ప్రతి ముద్దకును మూతి తుడుచుట మాకు నచ్చని యలవాటు. పెద్దవారికైన నట్లు చేసిన విసుగు రాదా? అంతయు నైన పిదప తడిగుడ్డతో నొక్కసారి తుడిచిన చాలును.

ఎంత చేసినను మరకలు పడకమానవు. వానిలో మన యిండ్లలో ముఖ్యమైనది పసుపు. పసుపులోని రంగు నీళ్లలో కరగదు, నూనెలో కరగును. అందుచే నేతితో కలిపిన పప్పన్నపు మరక యెన్ని నీళ్లు పోసినను పోదు. సబ్బు రాచినంతనే అది యెర్రనై కుంకుమ మరకవలె కనబడును. కొత్త కోడండ్రు దీనిని చూచి భయపడి సబ్బు మానివేయుదురు. భయపడవలదు. సబ్బులోని క్షారము తగిలినందున పసుపు ఎర్రబడినది. నీళ్లలో జాడించిన మరల పసుపుపచ్చనగును. సబ్బు చేయవలసిన పని నేతిని వదల్చుట. రంగును వదల్చునది సూర్యుడు. జిడ్డు పోయిన పిదప బట్టను తడిగానే, మరకవైపు పైకి వచ్చునట్లు, తీక్ష్ణమైన యెండలో వేయుడు. సాయంకాలమునకు సగము పోవును. మిగిలినది మరునాడు మరల తడిపి యెండవేసిన పోవును. నీడను ఆరవేసినచో నట్లే యుండును. మరక పూర్తిగా పోకమునుపు ఇస్త్రీ చేయరాదు. మరియొక మాట: పప్పు ఉడికిన పిదప, పసుపు వేయకముందే, బిడ్డకు వలసిన గరిటెడు తీసి యుంచిన ఈ చిక్కే లేదు. పసుపు లేని పప్పు శుభము కాదనువా రుందురు. వారితో వాదింపక, పండుగనాడు చిటికెడు వేసికొనవచ్చును.

పాలు, పెరుగు, గ్రుడ్డు తినిపించు నిండ్లలో గ్రుడ్డు, వీని మరకలపై వేడినీళ్లు పోయుట పెద్ద పొరపాటు. గ్రుడ్డులోని తెల్లసొన వేడికి గట్టిపడునట్లే యిదియు నూలుపోగులలో గట్టిపడును. మొదట చల్లని నీళ్లలో నానబెట్టి పిదప సబ్బు రాయవలెను. నేతి సంగతి దీనికి వ్యతిరేకము. దానిమీద సెనగపిండి చల్లి కొంతసేపుంచిన జిడ్డును పీల్చుకొనును. దులిపి, సబ్బు రాచి, వేడినీళ్లలో ఉతుకవలెను. రాగిజావయు గంజియు చల్లని నీళ్లకే వదలును. ఆరిన మెతుకులను తడుపక ముందే గోటితో రాల్చివేయుడు.

అరటిపండు మరక తెల్లగా పడి నల్లగా మారును; పడినప్పుడే చల్లని నీళ్లతో కడుగనిచో మరి పోదు. అరటికాయ తరుగునప్పుడు చేతికి నూనె యేల రాచుకొందుమో తెలిసిన వారికి దీని కారణము వేరుగా చెప్పనక్కరలేదు. ఆ వగరే యిది. ఇక మామిడిపండ్ల కాలములో మెడగుడ్డలును పాతచొక్కాలును పనికిరావు. రసము పండు చేతికిచ్చితిమా, మోచేతినుండి పొట్టమీదికి, పొట్టనుండి కాళ్లమీదికి కారును. పండ్లను ముందుగా నీళ్లలో నానవేసి, ముచ్చిక కోసి, అచ్చటి సొన బిడ్డ పెదవులకు తగులకుండ పిండివేసి – సొన తగిలిన పుండ్లు పడును – బిడ్డను బట్ట లేకుండ నూతిపళ్లెమువద్దనో కుళాయివద్దనో దగ్గరుండి కూర్చుండబెట్టుడు. ఇంతకంటె మంచి యుపాయము మా ప్రాంతమున నెవరును కనిపెట్టలేదు.

ఇనుము కలిసిన మందు విషయము కొంచెము జాగ్రత్తగా వినవలెను. భారతప్రభుత్వము వారు 2018 లో ఆరంభించిన ‘అనీమియా ముక్త భారత్’ కార్యక్రమము ననుసరించి 6 నెలలు మొదలు 5 ఏండ్లలోపు బిడ్డలకు వారమునకు 2 మారులు 1 మిల్లీలీటరు చొప్పున ఇనుపధాతువుగల సిరప్పు నిత్తురు. మంచి మందు, కాని బట్టమీద పడిన త్రుప్పు మరకయగును. ఆ బట్టకు అరటిపండు వగరుగాని కరక్కాయ వగరుగాని అంటియున్నచో కాటుకవలె నల్లబడును. శ్రీకాళహస్తిలో కలంకారీ పనివారు ఇదే గుణమును విద్యగా చేసికొన్నారు. వారు బట్టను కరక్కాయ కషాయమును పాలును కలిపినదానిలో తడిపి యెండబెట్టి, ఇనుపముక్కలను బెల్లపు నీళ్లలో పులియబెట్టిన రసముతో గీతలు గీయుదురు. గీచినంతనే గీత నల్లనగును, ఎన్ని ఉతుకులకును చెక్కుచెదరదు. వారికది కావలెను, మనకు వలదు. కాన మందు పోయునప్పుడు బిడ్డను పైచొక్కా విప్పి యొడిలో కూర్చుండబెట్టుకొనుడు. మరక పడిన నిమ్మరసమును ఉప్పును పూసి యెండలో నుంచి జాడించుడు. రంగుబట్టయైన మొదట లోపలి మడతమీద పరీక్షించుడు. నిమ్మరసము పూసినచోట బ్లీచింగుపొడరు నెన్నడును వేయరాదు. ఆ రెండును కలిసిన విషవాయువు పుట్టును.

పట్టుబట్టల గూర్చి చెప్పవలసినది స్వల్పము. పెండ్లివిందునకు పోవునప్పుడు పట్టుపరికిణీని సంచిలో పెట్టుకొని, బిడ్డ భోజనమైన పిదప తొడుగుడు. కుంకుడురసముతో ఉతికినను పట్టుమీది పప్పుమరకకు ఎండ వైద్యము పనికిరాదు. మరకతోపాటు పట్టు రంగును వెలిసిపోవును.

మూడేండ్లు నిండు నప్పటికి బిడ్డ ముద్ద కలుపుకొని, చేయి మణికట్టు దాటకుండ తిన నేర్చును. అప్పటికి మెడగుడ్డలు మూడును మరకలతో కలంకారీ పని చేసినట్లుండును. వెనుక మరియొక బిడ్డ యున్న ఎండవేసి దాచుడు. లేకున్న నాలుగు మడతలు వేసి చుట్టును కుట్టిన, పొయ్యిమీది గిన్నె దింపుకొనుటకు మంచి మసిగుడ్డ లగును.