డాక్టరేట్ పరిశోధనలో ఒడిదుడుకులు – పోయిన మడి నేర్పే పాఠం

వ్యవసాయ విశ్వవిద్యాలయాల్లో పీహెచ్‌డీలో చేరే విద్యార్థులు తెలివితేటల్లో ఎవరికీ తీసిపోరు. పోటీ పరీక్ష నెగ్గి, పీజీ స్థాయిలో ఒక ప్రయోగం స్వయంగా నిర్వహించి వచ్చినవారే. అయినా వీరిలో కొందరు గడువులోగా సిద్ధాంత గ్రంథం సమర్పించలేకపోతున్నారు. ఒకరిద్దరు మధ్యలోనే మానుకుంటున్నారు. గైడ్‌గా, సలహా సంఘం సభ్యుడిగా నేను గమనించినంతవరకు దీనికి ముఖ్య కారణం విషయ పరిజ్ఞానం కొరవడడం కాదు. పొలంలో జరిగిన నష్టాన్ని, లెక్కల్లో తేలిన ప్రతికూల ఫలితాన్ని, మనసులోని నిస్పృహను సకాలంలో బయటపెట్టకపోవడమే. ఈ వ్యాసంలో చెప్పదలచిన ముఖ్య విషయం ఇదే. పీహెచ్‌డీ చేస్తున్న విద్యార్థులకు, ఉద్యోగంలో ఉంటూ డాక్టరేట్‌కు సిద్ధమవుతున్న విస్తరణ శాస్త్రవేత్తలకు ఇది ఉపయోగపడుతుందని భావిస్తున్నాను.

కాలం లెక్క నెలల్లో కాదు, పంటకాలాల్లో

భారత వ్యవసాయ పరిశోధన మండలి సిఫారసు చేసిన పాఠ్య ప్రణాళిక ప్రకారం పీహెచ్‌డీకి మొత్తం 100 క్రెడిట్లు. ఇందులో కోర్సులకు 23, సెమినార్లకు 2 పోగా మిగిలిన 75 పరిశోధనకే. అంటే ముప్పాతిక భాగం తరగతి గది బయట, పొలంలోను ప్రయోగశాలలోను జరిగే పని. కనీస కాలపరిమితి మూడేళ్లు. అయితే సేద్య విభాగం విద్యార్థి దానిని 36 నెలలుగా కాక మూడు వానాకాలాలుగా లెక్కించుకోవాలి. మొదటి ఏడాదిలో చాలా భాగం కోర్సులు, క్వాలిఫయింగ్ పరీక్ష, మనం ఓ.ఆర్.డబ్ల్యు. అని పిలుచుకునే పరిశోధన రూపురేఖల ఆమోదంతో గడిచిపోతుంది. రెండు పంటకాలాల సమాచారం కావలసిన చోట ఇక మిగిలేవి సరిగ్గా రెండు కాలాలే. విత్తే అదను పది రోజులు తప్పితే పోయేది పది రోజులు కాదు, ఒక సంవత్సరం. ప్రయోగశాలలో విఫలమైన పరీక్షను మరుసటి వారం మళ్లీ చేయవచ్చు. దెబ్బతిన్న ఖరీఫ్ పంటను మళ్లీ వేయాలంటే వచ్చే జూన్ దాకా ఆగవలసిందే. మన విద్యార్థి ఆందోళనకు మూలం ఇక్కడే ఉంది. నష్టాన్ని దాచుకోవాలన్న ఆలోచన మొదలయ్యేదీ ఇక్కడే.

నేను దాచిన ఐదు వారాలు

ఇది నా స్వానుభవం. నా పీహెచ్‌డీ ప్రయోగం వరిలో నత్రజని మోతాదులపై. రెండవ ఏడాది పంట గింజ గట్టిపడే దశలో తుఫాను వాన పట్టింది. అత్యధిక మోతాదు వేసిన మళ్లన్నిటిలోనూ పైరు పడిపోయింది. మురుగు కాలువ పక్కనున్న మరో రెండు మళ్లకు గట్టు తెగి, రోజుల తరబడి నీరు నిలిచి, కంకిలోనే గింజ మొలకెత్తింది. నా మూడేళ్ల శ్రమ నీళ్లపాలయిందనుకున్నాను. ఆ రెండు మళ్లకు పక్క మళ్లను చూసి ఏదో ఒక అంకె వేసేద్దామన్న ఆలోచన కూడా వచ్చింది. వేయలేదు. అలాగని గైడ్‌కు చెప్పనూ లేదు. పడిపోయిన మళ్లు కోయించి, తూకాలు వేసి, క్షేత్ర పుస్తకం మూసి, ఐదు వారాలు ఆయన గది ముందు నుంచి కూడా వెళ్లకుండా తప్పించుకు తిరిగాను.

చివరకు ఆయనే పిలిపించారు. విషయం విని, కోప్పడకుండా రెండే ప్రశ్నలు అడిగారు. మొదటిది: "గట్టు తెగిన మళ్లలో ఏ ట్రీట్‌మెంట్లు ఉన్నాయి?" రెండవది: "పైరు ఏ తేదీన, ఎంత శాతం పడిపోయింది?" మొదటిదానికి జవాబు చెప్పగలిగాను. రెండవదానికి నా దగ్గర అంకె లేదు. అప్పుడు ఆయన అన్న మాట నాకు నేటికీ గుర్తుంది: "గట్టు తెగినవి పోయిన మళ్లయ్యా, వాటికి లెక్కలో దారి ఉంది. పడిపోయినవి పోయిన మళ్లు కావు, అవి నీ ఫలితం. దాన్ని నువ్వు రాసుకోలేదు."

నత్రజని ఎక్కువైతే పైరు పడిపోతుందన్నది రైతుకు చెప్పవలసిన మొదటి మాట. ఎంత మోతాదు దాటితే, ఏ దశలో, ఎంత శాతం పడిపోతుందన్నది నా ప్రయోగం చెప్పగలిగిన అతి ముఖ్యమైన విషయం. సిగ్గుతో దానిని నమోదు చేయలేదు. మౌఖిక పరీక్షలో పరీక్షకులు సరిగ్గా అదే అడిగారు, నేను తలదించుకున్నాను. పట్టా వచ్చింది గాని, గ్రంథంలో ఒక అధ్యాయం కావలసిన విషయం ఒక వాక్యంగా మిగిలిపోయింది.

పోయిన మడికి లెక్క

క్షేత్ర ప్రయోగంలో మళ్లు పోవడం కొత్త విషయం కాదు. ఒక మడి దిగుబడి లోపించినప్పుడు దానిని అంచనా కట్టే సూత్రం 1930 నాటికే వచ్చింది. ఇంగ్లాండులోని రోథమ్‌స్టెడ్ పరిశోధన కేంద్రానికి చెందిన ఫ్రాంక్ యేట్స్ 1933లో ఆ పద్ధతిని విస్తరించారు. రాండమైజ్డ్ బ్లాక్ డిజైన్‌లో ఒక మడి పోయినప్పుడు లెక్క ఈ విధంగా ఉంటుంది. ఆ ట్రీట్‌మెంట్‌కు మిగిలిన మళ్ల మొత్తాన్ని ట్రీట్‌మెంట్ల సంఖ్యతోను, ఆ బ్లాకులో మిగిలిన మళ్ల మొత్తాన్ని రెప్లికేషన్ల సంఖ్యతోను గుణించి కూడాలి. అందులో నుంచి ప్రయోగం మొత్తం దిగుబడిని తీసివేయాలి. వచ్చిన దానిని, ట్రీట్‌మెంట్ల సంఖ్యలో ఒకటి, రెప్లికేషన్ల సంఖ్యలో ఒకటి తగ్గించి గుణించగా వచ్చే సంఖ్యతో భాగించాలి.

ఉదాహరణకు 5 ట్రీట్‌మెంట్లు, 4 రెప్లికేషన్లు ఉన్న ప్రయోగంలో ఒక మడి పోయిందనుకుందాం. ఆ ట్రీట్‌మెంట్‌కు మిగిలిన మూడు మళ్ల మొత్తం 15.0 కిలోలు, ఆ బ్లాకులో మిగిలిన నాలుగు మళ్ల మొత్తం 20.8 కిలోలు, మిగిలిన 19 మళ్ల మొత్తం 98.4 కిలోలు. అప్పుడు 75.0, 83.2 కూడి 98.4 తీసివేస్తే 59.8. దానిని 12తో భాగిస్తే 4.98 కిలోలు. ఈ అంకెను ఆ గడిలో ఉంచి విశ్లేషణ చేస్తాం. దీనికి మూల్యం కూడా చెల్లిస్తాం. దోషానికి మిగిలే డిగ్రీస్ ఆఫ్ ఫ్రీడమ్‌లో ఒకటి తగ్గి, 12కు బదులు 11 అవుతుంది. ట్రీట్‌మెంట్ల వర్గాల మొత్తాన్ని సవరించాలి. ఆ ట్రీట్‌మెంట్‌ను ఇతరాలతో పోల్చేటప్పుడు ప్రామాణిక దోషం కొంత పెరుగుతుంది. నేడు కంప్యూటరు ప్రోగ్రాములు ఇదంతా క్షణాల్లో చేస్తాయి. అయినా ప్రతి విద్యార్థీ ఒక్కసారైనా చేత్తో చేసి చూడడం మంచిది.

పక్క మడిని చూసి వేసిన అంకెకూ, ఈ 4.98కీ తేడా ఏమిటి? మొదటిది లేనిదానిని ఉన్నట్లు చూపడం. రెండవది లేదని ఒప్పుకొని, ఒప్పుకున్నందుకు ఒక డిగ్రీ వదులుకొని, మిగిలిన 19 మళ్లను కాపాడుకోవడం. మరొక హెచ్చరిక కూడా అవసరం. ఈ సూత్రం ట్రీట్‌మెంట్‌తో సంబంధం లేని నష్టానికి మాత్రమే వర్తిస్తుంది. గట్టు తెగడం, పశువులు మేయడం, తూకం నమోదు కాకపోవడం వంటివి ఇందులోకి వస్తాయి. కలుపు మందు మోతాదు ఎక్కువై పైరు మాడినా, ఎరువు ఎక్కువై పైరు పడిపోయినా అది లోపించిన సమాచారం కాదు, ప్రయోగం ఇచ్చిన జవాబు. ఈ రెండింటి మధ్య తేడాను విద్యార్థి ఒంటరిగా, ఆందోళనలో ఉండి తేల్చుకోలేడు. అందుకే వెంటనే చెప్పడం అవసరం.

విత్తక ముందే చేయవలసినవి

రోథమ్‌స్టెడ్‌లోనే పనిచేసిన ఆర్.ఎ. ఫిషర్ 1938లో కలకత్తాలో జరిగిన భారత గణాంక శాస్త్ర సదస్సులో, ప్రయోగం ముగిశాక గణాంక శాస్త్రవేత్తను సంప్రదించడాన్ని శవపరీక్షతో పోల్చారు. ఈ మాట మనకు నేటికీ వర్తిస్తుంది. దోషానికి కనీసం 12 డిగ్రీస్ ఆఫ్ ఫ్రీడమ్ ఉండాలన్నది మనం పాటిస్తున్న నియమం. 5 ట్రీట్‌మెంట్లను 3 రెప్లికేషన్లలో వేస్తే వచ్చేది 8 మాత్రమే. 4 రెప్లికేషన్లు వేస్తే 12. స్ప్లిట్ ప్లాట్ డిజైన్‌లో మెయిన్ ప్లాట్లు 3, రెప్లికేషన్లు 3 అయితే మెయిన్ ప్లాట్ దోషానికి మిగిలేవి 4 మాత్రమే. అంత తక్కువ ఉన్నచోట రెండు మళ్లు పోతే తట్టుకునే శక్తి ప్రయోగానికి ఉండదు. కాబట్టి ఏ అంశంలో కచ్చితత్వం ఎక్కువ కావాలో దానిని సబ్ ప్లాట్‌లో ఉంచడం, వీలున్నచోట ఒక రెప్లికేషన్ అదనంగా వేయడం రూపురేఖల దశలోనే నిర్ణయించుకోవాలి. నష్టానికి ముందుగానే చోటు కేటాయించడమంటే ఇదే.

ప్రయోగం వేయక ముందు తీయవలసిన మట్టి నమూనాలు తరువాత తీయడం సాధ్యం కాదు. మట్టి నమూనాల విశ్లేషణ, విత్తన సేకరణ, నీటి వసతి, కూలీల లభ్యత ఆమోదానికి ముందే చూసుకోవాలి. క్షేత్ర పుస్తకానికి ప్రతి వారం నకలు తీసి వేరొక చోట భద్రపరచాలి. పరిశోధన సామగ్రి, పద్ధతుల అధ్యాయాన్ని పైరు పొలంలో ఉండగానే రాయడం మంచిది. రెండేళ్ల తరువాత జ్ఞాపకం మీద రాసే తేదీలు నమ్మదగినవి కావు. మొదటి ఏడాది సమాచారాన్ని రెండవ ఏడాది విత్తేలోపు విశ్లేషించి పట్టికలు వేసుకుంటే, ఏ పరిశీలన తప్పిందో తెలిసి రెండవ ఏడాది సరిదిద్దుకునే వీలుంటుంది.

గైడ్‌కు నెలకు ఒక పేజీ

నా విద్యార్థులను ఇప్పుడు ప్రతి నెలా ఒక పేజీ రాసి ఇమ్మంటున్నాను. అందులో మూడే శీర్షికలు: జరిగింది, పోయింది, కావలసింది. 'పోయింది' అన్న శీర్షిక కింద ఏమీ లేకపోతే 'ఏమీ లేదు' అనైనా రాయాలి. ఖాళీగా వదలకూడదు. ఆ శీర్షిక ఉండడం వల్ల నష్టాన్ని చెప్పడం తప్పు ఒప్పుకోవడంలా కాక, మామూలు పనిలో భాగమవుతుంది. గైడ్‌తో అభిప్రాయ భేదం వచ్చినప్పుడు కూడా ఈ పేజీలే ఆధారం. అవసరమైతే సలహా సంఘంలోని ఇతర సభ్యులను సంప్రదించడానికి విద్యార్థి సంకోచించనవసరం లేదు. సంఘం ఏర్పాటు ఉద్దేశం అదే.

కృషి విజ్ఞాన కేంద్రాల్లోను, ఏరువాక కేంద్రాల్లోను పనిచేస్తూ పీహెచ్‌డీ చేసే శాస్త్రవేత్తల ఇబ్బంది వేరు. రైతులకు అవసరమైన వారమూ, సొంత ప్రయోగంలో పరిశీలనలు తీయవలసిన వారమూ ఒకటే అవుతుంది. వీరు ప్రతి పరిశీలన తేదీకి తాము లేకపోతే ఎవరు తీస్తారన్నది పేరుతో సహా ముందే రాసుకోవాలి. సెలవు ముగిసి విధుల్లో చేరేలోపు కనీసం సమాచార విశ్లేషణ అయినా పూర్తి చేయాలి. ఉద్యోగంలో చేరాక సాయంత్రాల్లో రాయడం సాధ్యమే గాని, సాయంత్రాల్లో లెక్కలు వెతుక్కోవడం కష్టం.

మౌనం ప్రమాద సూచిక

కొన్నేళ్ల కిందట నా వద్ద పరిశోధన చేస్తున్న ఒక విద్యార్థి శనగ ప్రయోగంలో ఎండు తెగులు వల్ల మొక్కల సంఖ్య మడి మడికీ మారిపోయింది. దిగుబడుల్లో చెప్పుకోదగ్గ తేడా రాలేదు. అతడు రావడం తగ్గించాడు. గ్రంథం రాసుకుంటున్నాడనుకుని నేను పిలవలేదు. నాలుగు నెలల తరువాత, మానుకుంటున్నట్లు ఉత్తరం వచ్చింది. తెగులుకూ ట్రీట్‌మెంట్లకూ సంబంధం లేదని చూపగలిగితే, మొక్కల సంఖ్యను ఆధారంగా తీసుకొని సహవిచరణ విశ్లేషణతో ఆ సమాచారాన్ని నిలబెట్టవచ్చు. తేడా రాకపోయినా, ఫలానా అదనపు ఖర్చు వల్ల ప్రయోజనం లేదని చెప్పడం రైతుకు మేలు చేసే ఫలితమే. ఈ మాటలు అతడికి చెప్పే అవకాశం నాకు రాలేదు. రాలేదనడం కన్నా, నేను కల్పించుకోలేదనడమే న్యాయం. నా గైడ్ నన్ను పిలిపించినట్లు నేను అతడిని పిలిపించలేదు.

కాబట్టి ఈ సూచన గైడ్‌లకు కూడా. విద్యార్థి రెండు వారాలు కనిపించకపోతే అది శ్రద్ధకు గుర్తని అనుకోవద్దు. పిలిచి మాట్లాడాలి, మొదటి ప్రశ్న పట్టికల గురించి కాకూడదు. నిద్ర పట్టకపోవడం, పొలానికి వెళ్లడానికి భయపడడం, తోటివారిని తప్పించుకోవడం వారాల తరబడి సాగితే అది బద్ధకం కాదు, సహాయం అవసరమన్న సూచన. కేంద్ర ప్రభుత్వం 2022లో ప్రారంభించిన టెలీ మానస్ సేవకు 14416 నంబరులో ఎవరైనా ఉచితంగా ఫోన్ చేసి, తెలుగులోనే మాట్లాడవచ్చు. విభాగం నోటీసు బోర్డులో ఈ నంబరు ఉంచడం మన బాధ్యత.

ముగింపు

ప్రతి పరిశోధనలోనూ కొన్ని మళ్లు పోతాయి. పోయినదానిని ఆ రోజే క్షేత్ర పుస్తకంలో రాయడం, ఆ వారమే గైడ్‌కు చెప్పడం, అది నష్టమో ఫలితమో ఇద్దరూ కూర్చొని తేల్చుకోవడం అనే మూడు పనులు అలవాటైతే మిగిలిన మళ్లు నిలుస్తాయి. ఒప్పుకున్నందుకు తగ్గేది ఒక డిగ్రీ ఆఫ్ ఫ్రీడమ్ మాత్రమే. దాచినందుకు నేను ఒక అధ్యాయం పోగొట్టుకున్నాను, నా విద్యార్థి పట్టానే పోగొట్టుకున్నాడు. ఈ వానాకాలం ప్రయోగం వేయబోతున్న విద్యార్థులు విత్తనంతో పాటు 'పోయింది' అన్న శీర్షికతో ఒక పేజీని కూడా సిద్ధం చేసుకోవాలని కోరుతున్నాను.